లోపలి గడప

అడగవలసిన మనిషిని అడక్కుండా అబిగయీలు ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పేసింది. వ్యవహారం అక్కడే అడ్డం తిరిగింది.

ఆదివారం. కోట అనే ఊరి చివర రేకుల కప్పు వేసిన ప్రార్థన మందిరం. సాక్ష్యాల సమయం రాగానే ఆడవాళ్ల చాపల వైపు నుంచి లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలుపెట్టింది. రొయ్యల ఫ్యాక్టరీలో ఇన్నేళ్లూ మంచునీళ్లలో నిలబెట్టిన దేవుడు ఇప్పుడు తనను లేపి ల్యాబులో కుర్చీ వేసి కూర్చోబెట్టాడని చెప్పింది. పరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూ గట్టెక్కింది, సెలెక్ట్ అయినట్టు కంపెనీ నుంచి మెయిలు కూడా వచ్చింది. రిలీజు ఒక్కటే రాలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. అడిగింది చేతికి అందకముందే అందినట్టు నమ్మి నలుగురిలో కృతజ్ఞత చెప్పడం ఆ సంఘంలో అందరికీ ఉన్న అలవాటే. బయటివాళ్లు దాన్ని ఆలు లేదు చూలు లేదు అని వెక్కిరిస్తారు, లోపలివాళ్లు విశ్వాసం అంటారు.

మందిరమంతా స్తోత్రం అంది. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న సంఘం సెక్రటరీ టైటస్ మాత్రం అనలేదు. కానుకల సంచుల తాళ్లు చిక్కుపడితే తల వంచుకుని విప్పుతున్నాడు. విప్పిందే మళ్లీ విప్పుతున్నాడు. ఆయన అదే ఫ్యాక్టరీలో ప్రాసెసింగ్ హాలుకు ఇన్‌చార్జి. ఆ కంపెనీలో ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి పోవాలంటే, ఉన్న సెక్షన్ ఇన్‌చార్జి 'సరే, పంపిస్తాను' అని కంప్యూటర్లో నొక్కాలి. దాన్నే రిలీజు అంటారు. అబిగయీలు కోసం నొక్కవలసిన వేలు టైటస్‌ది.

కూడిక అయిపోయి ఇంటికి నడుస్తుంటే మగ్దలీనమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. అబిగయీలు అద్దెకుంటున్న గది మగ్దలీనమ్మ పెరట్లోదే. పెద్దామెకు మోకాళ్లు సరిగా లేవు గానీ నాలుకకు ఏ లోటూ లేదు.

"ఏమే అబిగేలూ, టైటస్‌కి ముందే చెప్పుంటివా?"

"చెప్పేదేముంది పెద్దమ్మా. అన్న కాదంటాడా?"

"కాదంటాడని కాదు మే. నోరు తెరిచి అడగాల్సినోణ్ణి వదిలేసి పైనుండే ఆయన్ని అడిగితివి. ఇప్పుడాయన కిందికి దిగొచ్చి మీ కంప్యూటర్ నొక్కతాడా?"

అబిగయీలు నవ్వేసింది. నవ్విందే గాని ఇంటికి పోగానే ఫోన్లో ఆ మెయిలు మళ్లీ తెరిచి చూసింది.

*

ప్రాసెసింగ్ హాల్లోకి పోవాలంటే గంబూట్లు తొడుక్కుని క్లోరిన్ నీళ్ల మడుగులో నడవాలి. మోచేతుల దాకా కడుక్కోవాలి. గౌను, టోపీ, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు. ఇవన్నీ తగిలించుకున్నాక కన్నతల్లి ఎదురొచ్చినా గుర్తుపట్టదు. అందుకని టోపీలకు రంగులు పెట్టారు. టేబుళ్ల దగ్గర రొయ్యలు వలిచేవాళ్లకు తెలుపు, వాళ్లను నడిపించే లైన్ లీడర్లకు నీలం, ఇన్‌చార్జికి ఎరుపు, ల్యాబు వాళ్లకు ఆకుపచ్చ. అబిగయీలుది నీలం.

తెల్లటోపీ రోజుల్లో ఆమె మధ్యాహ్నం కామమ్మ గుంపులో కూర్చుని తినేది. కామమ్మ వాళ్లది సముద్రం పక్క పల్లె. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు కంపెనీ వ్యానులో పనికొస్తారు. వాళ్ల డబ్బా మూత తీస్తే మెత్తాళ్ల పులుసు వాసనకు పక్క టేబులు వాళ్లు కూడా తల తిప్పాల్సిందే. నీలం టోపీ వచ్చిన మర్నాడు అబిగయీలు డబ్బా పట్టుకుని పోతే ఆ గుంపు సర్దుకుని జరిగింది. జరగడమంటే దగ్గరికి కాదు, అవతలికి. ఎవరూ పొమ్మనలేదు. ఆమె కూర్చోగానే నవ్వులు ఆగిపోయాయి, అంతే. పై అధికారి ముందు ఎవరు మాత్రం పై అధికారిని తిట్టుకోగలరు! ఆఫీసు వాళ్లు తినే అద్దాల గదిలోకి నీలం టోపీలు పోరు. రెంటికీ చెడ్డ రేవడిలా ఆమె ఆనాటి నుంచి కొళాయిల పక్కనున్న బల్లమీద ఒక్కతే కూర్చుని తింటోంది. తొందరగా తింటుంది. మాట్లాడేవాళ్లు లేకపోతే అన్నం ఎంతసేపు పడుతుంది!

ల్యాబుకు శాంపిళ్లు ఇవ్వడానికి పోయినప్పుడల్లా ఆమె ఒకటి చూసేది. అక్కడ కిటికీ ఉంది, కిటికీలోంచి ఎండ పడుతుంది. ఆకుపచ్చ టోపీల అమ్మాయిలు ఒకే టేబులు చుట్టూ కూర్చుని ఒకరి కూర ఒకరు వేసుకుంటారు. ఉద్యోగం చేస్తూనే డిగ్రీ కట్టి పాసైంది, పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకి కొత్త చీర కట్టుకుని పోయింది. అందరూ జీతం కోసమనుకున్నారు. జీతం పెరిగితే చేదా! కానీ ఆమె మనసు పడింది ఆ టేబులు మీద.

సోమవారం పొద్దున్నే చెరువుల నుంచి లారీలు దిగాయి. పెట్టెల మూతలు తీస్తే మంచులోంచి రొయ్యల మీసాలు పైకి పొడుచుకుని ఉన్నాయి. కామమ్మ టేబులు తలలు తీస్తోంది. బొటనవేలు తల కింద పెట్టి చిన్నగా ఎత్తి లాగితే తల, తలతో పాటు లోపలి మురికి సంచీ ఒక్కసారే ఊడి రావాలి. కొత్తగా చేరిన పిల్ల ఒకతి గట్టిగా పిసికి కండ చీలుస్తుంటే అబిగయీలు వెనక నుంచి ఆ పిల్ల చేతిమీద తన చేయి వేసి ఎంత బలం చాలో చూపించింది. ఆ పిల్ల చేయి బిగుసుకుపోయింది, భయంతో.

"అమ్మాయ్, ఒకసారి రా" అని పిలిచాడు టైటస్.

హాలు మూలలో ఆయనకొక అద్దాల గది ఉంది. గదనడమే గాని రెండు కుర్చీలు పడితే తలుపు మూసుకోదు. ఆయన కూర్చోలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మందిరంలో ఆయన 'అన్న', ఇక్కడ 'సార్'. అబిగయీలు ఎన్నడూ ఈ రెండింటినీ తారుమారు చేయలేదు.

"సెలెక్ట్ అయినావంట. సంతోషం" అన్నాడు.

"మీకు ముందే చెప్పాల్సింది సార్. నిన్న సంతోషం మీద..."

"అదేం లేదులే. సీజను చూస్తుండావు కదా. లారీల మీద లారీలు. ఇప్పుడు నిన్ను పంపిస్తే లైను మునిగిపోద్ది. నువ్వు లేకపోతే నడవదమ్మాయ్ ఈడ."

"సీజను అయినాక ఇస్తారా సార్?"

టైటస్ అద్దంలోంచి హాలు వైపు చూశాడు. "చూద్దాం. ప్రార్థనలో పెట్టినా" అన్నాడు.

వీలుకాదన్న మనిషితో పోట్లాడొచ్చు. ప్రార్థనలో పెట్టానన్న మనిషితో ఏం పోట్లాడతాం? ఆమె తలూపి బయటికొచ్చింది. నువ్వు లేకపోతే నడవదన్న మాట చెవుల్లో పొగడ్తలాగే మోగింది. టేబులు దగ్గరికి వచ్చి మంచులో చేయి పెట్టాక గాని అది తనను కట్టేసిన మాటని ఆమెకు తెలియలేదు. తెలిశాక ఒళ్లు మండిపోయింది. కామమ్మ కళ్లెత్తి చూసి మళ్లీ దించుకుంది.

*

బుధవారం నెల్లూరు ఆఫీసు నుంచి ప్రత్యూష వచ్చింది. హెచ్చార్ పిల్ల. మాట మెత్తన, నడక చురుకు. పక్క కంపెనీలు మన మనుషుల్ని ఎగరేసుకుపోతున్నాయని పైవాళ్లకు దిగులు పట్టుకుంది. దానికి మందుగా 'లోపలే ఎదుగుదాం' అని ఒక కార్యక్రమం పెట్టారు. బయటికి పోనక్కర్లేదు, కంపెనీ లోపలే ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు ఎక్కొచ్చని క్యాంటీన్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. గోడకు పెద్ద పోస్టరు అతికించారు. పోస్టరులో నవ్వుతున్నది ఎవరో కాదు, నీలం టోపీ పెట్టుకున్న అబిగయీలు. లైన్ లీడర్ అయినప్పుడు ఫొటో తీసుకున్నారు, ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మీటింగ్ అయ్యాక ఆమె ప్రత్యూషను వరండాలో ఆపింది.

"అయ్యో, మీరేనా? పోస్టర్లో చాలా బాగా వచ్చారండీ" అంది ప్రత్యూష.

"మేడమ్, నా రిలీజు ఇంకా రాలేదు."

ప్రత్యూష ఫోన్లో ఏదో చూసుకుంది. మొహంలో నవ్వు కొంచెం సర్దుకుంది. "టైటస్ గారు నొక్కలేదు. ఆయన నొక్కకపోతే నా చేతుల్లో ఏమీ లేదండీ. ల్యాబు వాళ్లు శుక్రవారం దాకా చూస్తారు. ఆ తర్వాత బయటి నుంచి తీసుకుంటారు."

"బయట నుంచి వచ్చే మనిషికి రిలీజు ఎవరియ్యాలి మేడమ్?"

"వాళ్లకు మన రిలీజుతో పనేముంది? బయటివాళ్లు కదా."

ఆ మాట అన్నాక ప్రత్యూషకే ఎక్కడో గుచ్చుకుంది. "నేను సార్‌తో మాట్లాడి చూస్తాను" అని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది. అబిగయీలు పోస్టరు వైపు చూడకుండా హాల్లోకి పోయింది. మంచి మనుషులే అందరూ. ఒక్కరు కూడా తన చెడు కోరలేదు. అందరూ మంచివాళ్లే అయినప్పుడు ఎవరిమీద ఏడవాలో తెలియక మనిషి మరింత ఒంటరైపోతుంది.

సాయంత్రం కంపెనీ వ్యానులో ఆమె పక్క సీటు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. వ్యాను కదులుతుండగా కామమ్మ వచ్చి ధబ్బున కూర్చుంది. మాస్కు తీసేసిన కామమ్మ ముఖం ఇంత దగ్గరగా చూసి చాలా కాలమైంది. కళ్ల కింద నలుపు దిగింది.

"ఇయ్యనన్నాడా?" అంది కామమ్మ, ముందుకు చూస్తూ.

"నీకెవరు చెప్పినారు?"

"మూతికి గుడ్డ కట్టుకుంటాం గాని చెవులకు కట్టుకోలా. మే, నేనొక మాట చెప్తా, కోపగించుకోబాకు. లోపలి గడప దాటాలంటే పదిమంది అడ్డం. వీధి గడప దాటాలంటే ఎవురే అడ్డం? మా ఆడబిడ్డ విడవలూరు కాడ కొత్త ఫ్యాక్టరీలో ఉండాది. వాళ్లకు ల్యాబులో మనిషి కావాలంట. నంబరు ఇస్తా, ఫోన్ చెయ్యి."

"అక్కా, నువ్వు నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది!"

కామమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నువ్వు మాత్రం మాట్లాడితివా? వస్తావు, చేతులు చూస్తావు, పోతావు. మా మొహాలు యాడ చూసినావు" అంది. అనేసి నంబరు చెప్పింది. తన స్టాపు రాగానే వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోయింది.

*

గురువారం సెలవు పెట్టింది. పెరట్లో ఆరేసిన దుప్పటి వెనక నిలబడి ఫోన్లోనే ఇంటర్వ్యూ ఇచ్చింది. మగ్దలీనమ్మ కోళ్లు మధ్యలో కూశాయి. అవతలాయన నవ్వాడు, ఏవో అడిగాడు, ఆమెకు తెలిసినవే. సోమవారం వచ్చి చేరమన్నాడు. అంతే. నెలల తరబడి చదివి, రాసి, ప్రార్థించి, ఎదురుచూసిన పని బయటి దారిన పోతే కోళ్లు మేత మేసేలోపల అయిపోయింది.

ఫోన్లోనే కంపెనీ పేజీ తెరిచి రాజీనామా నొక్కింది. 'మీ రాజీనామా అందింది' అని వెంటనే పచ్చ అక్షరాలు వచ్చాయి. ఎవరి 'సరే' అక్కర్లేదు. ఆ పచ్చ అక్షరాలు చూస్తే ఆమెకు సంతోషం రాలేదు, నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. విడవలూరులో తనకు ఎవరున్నారు? ఈ పెరడు, ఈ ముసలామె చాదస్తం, ఆదివారం మందిరం, ఇవి మాత్రం అక్కడ ఉంటాయా!

శుక్రవారం పొద్దున ఆమె ఇంకా గంబూట్లు తొడుక్కోకముందే ప్రత్యూష ఫోన్ చేసింది. మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. "అబిగయీలు గారూ, తొందరపడకండి. మీ ఫ్యాక్టరీ పెద్దసార్‌తో మాట్లాడాను. మన పోస్టర్ మీదున్న మనిషే రాజీనామా చేస్తే ఎలా అన్నారు ఆయన. మీ రిలీజు ఇప్పుడే అయిపోయింది. ల్యాబు సీటు మీదే. రాజీనామా వెనక్కి తీసుకుంటే చాలు. రేపు చెప్పండి."

నిన్న లేని రిలీజు ఈరోజు ఎక్కణ్ణుంచి ఊడిపడిందని అడగాలనిపించింది. అడగలేదు. అసలు సంగతి దాచడమెందుకు, ఆమెకు సంతోషం వేసింది. ఆ కిటికీ, ఆ ఎండ, ఆ టేబులు. విడవలూరు పోనక్కర్లేదు. ఆ రోజంతా మాస్కు వెనక నవ్వుతూనే తిరిగింది. కొత్త పిల్ల తల తీయడంలో మళ్లీ తప్పు చేస్తే ఈసారి ముందు పేరు అడిగింది. ఆ పిల్ల పేరు వనజాక్షి. ఇన్నిరోజుల నుంచి ఆ పిల్ల పేరు కూడా తనకు తెలియదు.

హాల్లో టైటస్ ఆమె వైపు రాలేదు.

*

దీపాలు పెట్టే వేళకు ఆయనే మగ్దలీనమ్మ పెరట్లోకి వచ్చాడు. మోటారు సైకిల్ గోడ పక్కన ఆపి, నులకమంచం మీద అంచున కూర్చున్నాడు.

"నొక్కేసినా అమ్మాయ్."

"చూసినానన్నా. వందనాలు."

"నాకెందుకు వందనాలు? నేను నొక్కలా. పెద్దసారు నొక్కించినాడు."

మగ్దలీనమ్మ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని వేళ్లతో పట్టుకోలేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని, పసిబిడ్డను ఎత్తినట్టు జాగ్రత్తగా నోటి దాకా తెచ్చుకున్నాడు. సగం దాకా రాగానే గ్లాసు జారింది. కాఫీ ప్యాంటు మీద ఒలికింది. కాలిందనలేదు, చూస్తూ ఉండిపోయాడు.

"ఏందన్నా ఆ చేతులు?"

"అయ్యంతే. మంచు చేతులు. పొద్దు వాలితే వేళ్లు మడవలేను. చలిలోంచి బయటికి రాకపోతే లాభం లేదన్నాడు డాక్టరు." ఆయన చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. సోమవారం అలా నిలబడితే దర్పమనుకుంది ఆమె. "వెంకటాచలం కాడ మన రొయ్యల మేత మిల్లుంది కదా. ఆడ స్టోర్సులో సీటుకి నేనూ పెట్టుకున్నా. నీ మాదిరే పరీక్ష, ఇంటర్వ్యూ. సెలెక్ట్ అయినా. పోయినేడు ఎండాకాలం."

"మరి?"

"నా రిలీజు పెద్దసారు నొక్కాల. నువ్వు లేకపోతే హాలు నడవదు టైటస్ అన్నాడు. నీ కుర్చీలో కూర్చునే మనిషిని తయారు చేసి చూపించు, ఆ రోజే పంపిస్తా అన్నాడు. నిన్ను చూపిద్దామనుకున్నా. అందుకే నీకు నీలం టోపీ ఇప్పించినా. ఇంకో సీజను పోతే నీ చేతికి హాలు ఇచ్చి నేను పోవచ్చని..."

అబిగయీలు పక్కనున్న బకెట్ బోర్లించి దానిమీద కూర్చుంది.

"నన్నొక మాట అడగాల్సింది గదన్నా."

"నువ్వు నన్ను అడిగినావా?" అన్నాడు టైటస్. కోపంగా అనలేదు. "నువ్వు దేవుణ్ణి అడిగినావు. నేనూ ఆయన్నే అడిగినా. ఒకే మందిరంలో, నాలుగు చాపల ఎడంలో కూర్చుని ఇద్దరం ఆయన్నే అడిగినాం. నువ్వేమో నన్ను బయటికి పంపించు అంటావు, నేనేమో ఆ పిల్లను ఈడే ఉంచు అంటా. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం!"

నవ్వాడు. ఆ నవ్వుకు మగ్దలీనమ్మ కూడా నవ్వబోయి, ఎందుకో ఆగి, ఒలికిన కాఫీ మీద బూడిద చల్లుతూ కూర్చుంది. ఆయన లేచి ల్యాబులో బాగా చేయమని దీవించి వెళ్లిపోయాడు. బండి హ్యాండిల్ వేళ్లతో కాదు, మణికట్లతో తిప్పాడు.

"నువ్వేం చెయ్యగలవులే తల్లీ" అంది మగ్దలీనమ్మ. తను చేయగలిగింది ఒకటి ఉందని అబిగయీలుకు తెలుసు. అందుకే భయం వేసింది.

*

శనివారం పొద్దున ప్రత్యూష మళ్లీ ఫ్యాక్టరీకి వచ్చింది. అబిగయీలు ఆమె కూర్చున్న ఆఫీసు గదిలోకి పోయి, నిలబడే చెప్పింది. "రాజీనామా వెనక్కి తీసుకుంటాను మేడమ్. ల్యాబు వద్దు. టైటస్ గారి కుర్చీలో నేను కూర్చుంటాను. ఆయన్ని వెంకటాచలం పంపించేయండి."

ఈ నాలుగు ముక్కలూ దారిపొడుగునా వల్లెవేసుకుంది. ల్యాబు వద్దు అనే ముక్క దగ్గర రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకుంది. అయినా అనేసింది. జీవితాంతం గంబూట్లే అనుకుంది. పోనీలే అనుకుంది. మనసు మాత్రం పోనీలే అనడం లేదు, చిన్నపిల్లలా కాళ్లు నేలకేసి కొట్టుకుంటోంది.

ప్రత్యూష నోరు తెరిచి ఆమెను చూసింది. తర్వాత కంప్యూటర్లో వెతికింది. ఎవరికో ఫోన్ చేసి పక్కకు తిరిగి మాట్లాడింది. తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"ఆ పోస్టు ఇప్పుడు లేదండీ. రిలీజు రాలేదని అప్పుడే బయటి నుంచి ఇంకొకర్ని తీసుకున్నారు. పోయిన దసరా లోపలే."

"టైటస్ గారికి చెప్పినారా?"

"సిస్టమ్‌లో క్లోజ్ అయిందని వచ్చే ఉంటుంది. ఆయన చూసుకోలేదేమో."

"పెద్దసారుకి తెలుసా?"

ప్రత్యూష టేబులు మీద పెన్ను సర్దింది. "ఆయనకు తెలుసు" అంది మెల్లగా. మళ్లీ కంప్యూటర్ చూసి, "అయితే మీరు ఇక ల్యాబులో చేరొచ్చు కదా? ఏ ఇబ్బందీ లేదు కదా?" అంది. ఆ పిల్ల మంచిగానే అడిగింది.

అబిగయీలు హాల్లోకి దిగింది. టైటస్ మొదటి టేబులు దగ్గర ఉన్నాడు. ప్రత్యూష గదికి ఆమె పోవడం ఆయన చూసినట్టున్నాడు. ఎందుకు పోయిందో కూడా ఊహించినట్టున్నాడు, కళ్లలో ఆశ దాచుకోవడం చేతకావడం లేదు. ఆ కళ్లు చూసి ఆమెకు అబద్ధం చెబుదామనిపించింది. ఇంకో సీజను ఆగమన్నారని చెబితే ఇంకో సీజను బతుకుతాడు. ఆ అబద్ధం పెద్దసారు ఇప్పటికే చెప్పి ఉన్నాడు. దానిమీద ఇంకొకటి కప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"ఆ సీటు పోయిందన్నా. దసరా లోపలే ఇంకొకరికి ఇచ్చేసినారు" అంది.

హాల్లో ఆమె ఆయన్ని అన్నా అనడం అదే మొదలు. టేబుళ్ల దగ్గర తెల్లటోపీలు తలలు ఎత్తాయి.

టైటస్ మంచు కొట్టే మిషను వైపు చూశాడు. తర్వాత అన్నాడు. "పెద్దసారు దినామూ కనపడతాడమ్మాయ్. టీ తాగినావా టైటస్ అంటాడు. పిల్లలు బాగుండారా అంటాడు. ఒక్క దినం ఈ మాట చెప్పలేదే!"

"అన్నా..."

"ల్యాబు సీటు ఉంది గదా నీకు?"

"ఉంది."

"పోబాకు." ఆయన గొంతు తగ్గించాడు. "బానే చేస్తావు. నువ్వు లేకపోతే ల్యాబు నడవదంటారు. ఆ మాట చెవిన పడిందంటే ఇంక కదల్లేవు. విడవలూరులో పిలిచినారంట గదా, కామమ్మ చెప్పింది. పో. ఇప్పుడే పో. ఈ పూటకు లైను నేను చూసుకుంటా."

"సోమవారానికి ఎవరుంటారన్నా లైనుకి?"

"లైను గురించి నువ్వెందుకు ఏడస్తావే!" అని ఆయన కసిరాడు. కసరడం చేతకాని మనిషి. ఆమె నిలబడే ఉంది. "అట్టనే నిలబడుండి నేనీడ ముసిలోణ్ణయిపోయినా. నడువు."

టేబులు అంచున ఉన్న తొడుగులు తీసుకుని వేసుకోబోయాడు. వేళ్లు మడవడం లేదు, దూరడం లేదు. అబిగయీలు వాటిని ఆయన చేతుల్లోంచి తీసుకుంది. రబ్బరు మూతి సాగదీసి పట్టుకుని ఒక్కో వేలూ ఒక్కో సందులోకి నెట్టింది, ముందు ఎడమచేయి, తర్వాత కుడిచేయి. కామమ్మ టేబులంతా పని ఆపి చూసింది. ఎవరూ నవ్వలేదు. ఆయన చేతులు మంచులోకి దించి ఒక రొయ్య పైకి తీశాడు. అది జారిపోయింది. మళ్లీ తీశాడు.

ఆఫీసులో నోటీసు రోజులకు బదులు మిగిలిన సెలవులు పట్టుకున్నారు. గేటు దగ్గర ఆమె కార్డు తీసుకుని గడియ తీశారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. గదిలో ఉన్న సామాను ఒక సంచికి ఎక్కువ, రెండు సంచులకు తక్కువ. మగ్దలీనమ్మ ప్రార్థన చేయబోయి మధ్యలో ఏడ్చేసి, ఆమెన్ అనకుండానే లోపలికి పోయింది.

కోటలో నెల్లూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నెల్లూరులో దిగి విడవలూరు బస్సెక్కాలి. అక్కడ ల్యాబు ఉంది, కుర్చీ ఉంది, ఏదో ఒక టేబులు కూడా ఉండే ఉంటుంది. కోరుకున్నది దొరికినట్టే. ఈ రెండు రోజులూ కంపెనీలో పెద్దవాళ్లంతా ఆమెను ఉండమన్నారు. వాళ్లు ఉండమన్నది పోస్టరులోని నీలం టోపీని. పొమ్మన్నది ఒక్క టైటస్. అంతమందిలో తన బాగు కోరిన మనిషి ఆయన ఒక్కడేనని తెలిసిన రోజే ఆయన్ని ఆ మంచులో వదిలిపెట్టి వచ్చేసింది.

"యాడికమ్మా?" అన్నాడు కండక్టరు.

చెప్పాలని నోరు తెరిచింది. ఒళ్లో ఉన్న చేతుల వేళ్లు మడిచి చూసుకుంది. కండక్టరు ఆమె ముఖం చూసి, మళ్లీ వస్తానని వెనక సీటుకు పోయాడు.